అటక తాళంచెవి

ఆర్కో
1951 అక్టోబరు 9

మరదలా,

వచ్చి చేరాను. మంచం కిటికీ పక్కనే ఇచ్చారు. ఆస్పత్రి ఎలా ఉందని అడుగుతావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. సూపు పలచన, డాక్టరు మరీ కుర్రవాడు, పక్క మంచం ఆవిడ నిద్రలో జపమాల చెబుతుంది. ఇంతకు మించి రాయను, నువ్వూ అడగకు. పియాను చంకనేసుకుని చూడ్డానికి బయలుదేరకు. పద్నాలుగు నెలల పిల్ల తల్లి ఈ క్షయ గదుల్లో గాలి పీల్చకూడదు. మా తమ్ముడు తుల్లియో పోయాక ఆ ఇంట్లో బాగున్న ఊపిరితిత్తులు మీ ఇద్దరివే. వాటిని కలవీనోలోనే ఉంచు.

ఇక పని మాట. ఈ ఏడాది నొజియోలా రకం ద్రాక్షలో ముప్పాతిక వంతు సహకార సంఘానికి వెళ్ళింది. అది తీపి లేని తెల్ల వైన్ అయి వచ్చే వేసవికి జనం గొంతుల్లో ఉంటుంది. మిగిలిన పావు వంతు మన తీపి వైన్ కోసం ఎనిమిది తడికల మీద పరిచి వచ్చాను. అన్నీ నా చేత్తో ఏరిన గుత్తులే, పండుకూ పండుకూ మధ్య గాలి ఆడేవి. ఈస్టరు ముందరి పవిత్ర వారం దాకా అవి అటక మీదే ఎండాలి. ఆ వారంలోనే పిండాలి, ముందూ కాదు వెనకా కాదు. ఆ పైన పీపాలో ఎనిమిదేళ్ళు. మా తాత కాలం నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. రెండు యుద్ధాల్లోనూ తప్పలేదు. తుల్లియోను మట్టి చేసిన నాలుగో రోజున కూడా నేనూ పక్కింటి సెవెరీనో కలిసి పిండాం. నువ్వప్పుడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు, నీకు తెలియదు.

ఓరా గాలి సరస్సు మీద నుంచి నా దగ్గరకు పన్నెండున్నరకు వస్తుంది. మీ దగ్గరకు వచ్చేసరికి ఒకటిన్నర. అప్పుడు అటక దక్షిణం కిటికీలు రెండూ తెరువు. సాయంత్రం గాలి పడగానే మూసెయ్యి. పొగమంచు రోజున ముట్టుకోకు. ఎలుకలకు బోను పెట్టు. అంతే, మిగతాది ద్రాక్షే చూసుకుంటుంది. నోన్ లోయ పిల్లవి, ఆపిల్ తప్ప మరోటి పండే కాదంటావు. పర్వాలేదు, కిటికీ తెరవడానికి ఆ తెలివి చాలు.

తాళంచెవి నీ చేతిలో పెట్టాను. ఇరవై ఏళ్ళలో అది నా నడుము దిగడం ఇదే మొదలు. పారేసుకోకు.

ఎర్మీనియా


కలవీనో
1951 డిసెంబరు 16

వదిన గారికి,

మీ ఆరోగ్యం మెరుగవుతోందని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. మీరు చెప్పినట్టే రోజూ ఒకటిన్నరకు కిటికీలు తెరుస్తున్నాను, అయిదింటికి మూస్తున్నాను. నవంబరులో పదకొండు రోజులు పొగమంచు పట్టింది, ఆ రోజుల్లో తెరవలేదు. ఇప్పటికి ఎలుకలు ఆరు పడ్డాయి.

పియా నడుస్తోంది. పొయ్యి దగ్గరకు వెళ్ళకుండా నడుముకు తాడు కట్టి బల్ల కాలికి ముడేశాను. తాడుతో సహా బల్లను లాగబోతుంది, అచ్చం వాళ్ళ నాన్న మొండితనం.

సెవెరీనో మామ పందిని కోసి రెండు దండల సాసేజీలు పంపాడు. మొక్కజొన్న సంకటిలో వేసుకుని మూడు రోజులు తిన్నాం. మనిషి మంచివాడు. వారానికోసారి వచ్చి, "అటక ఎలా ఉందే, నీకు తెలియనిది ఏదైనా ఉంటే నన్నడుగు" అంటాడు. అంతా వదిన గారు చెప్పారు అన్నాను.

మీకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను.

జెమ్మా


ఆర్కో
1951 డిసెంబరు 29

మరదలా,

మేజోళ్ళు అందాయి. ఉత్తరమూ అందింది. అది ఉత్తరమా, ఊరి కచేరీకి పెట్టుకున్న దరఖాస్తా? ఎలుకల లెక్క ఎవడికి కావాలి? గుత్తులు ముడతలు పడ్డాయా, పండు గోధుమరంగుకు తిరిగిందా, అటక ఎక్కితే ఏ వాసన వస్తోంది, అది రాయి. ఇక్కడ పడుకుని మధ్యాహ్నం కిటికీ తలుపు కొట్టుకున్నప్పుడల్లా, గంటలో ఇది నా తడికల మీద ఉంటుంది అనుకుంటాను. రోజులో నాకు ఉన్న పని అదొక్కటే.

దగ్గు తగ్గింది.

ఎర్మీనియా


కలవీనో
1952 జనవరి 20

వదిన గారికి,

మీరు అడిగినట్టు వివరంగా రాస్తున్నాను. పండ్లు గోధుమరంగుకు తిరిగి వేలిగోరంత అయ్యాయి. క్రిస్మస్ దాటాక నాలుగు తడికల మీద బూజు కనిపించింది. బూడిద చల్లినట్టు సన్నగా ఉంది. మీరు చూస్తే కంగారు పడేవారు, కానీ నేను భయపడలేదు. చిన్నప్పటి నుంచి మా నాన్న ఆపిల్ కొట్టులో ఇదే పని చేశాను. చెడిన కాయ ఒకటి కనబడితే ఆయన దాని చుట్టూ ఉన్న పది కాయలు తీయించేవాడు.

అయిదు రోజులు పియాను బుట్టలో కూచోబెట్టుకుని, నాలుగు తడికలూ పండు పండూ చూసి, బూజు పట్టినవన్నీ ఏరేశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. మూడు గంపలయ్యాయి. సెవెరీనో మామ అప్పుడే వచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగి, గంపలోంచి గుప్పెడు తీసి వెలుగులో పెట్టి చూశాడు. తర్వాత, "పారేయడం ఎందుకు, నా పందికి వేస్తాను" అని తానే మోసుకుపోయాడు. అంత పెద్దాయన మన కోసం మూడుసార్లు మెట్లెక్కి దిగాడు.

ఇప్పుడు ఆ నాలుగు తడికలూ అద్దంలా ఉన్నాయి. వాసన కూడా లేదు. మిగతా నాలుగింటి మీద ఇంకా బూజు రాలేదు, వస్తే వెంటనే తీసేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి.

జెమ్మా


ఆర్కో
1952 జనవరి 24

జెమ్మా,

నువ్వు ఏరిపారేసింది బూజు కాదు, వైన్.

ఆ బూజు కోసమే ఆరు నెలలు కాచుకుంటాం. చెడ్డ బూజు పైనుంచి వస్తుంది, పచ్చగా ఉంటుంది, ముక్కు మూసుకోవాలి. ఇది లోపలి నుంచి వస్తుంది. పండులో నీళ్ళు తాను తాగేసి తీపి మనకు వదులుతుంది. అది రాని ద్రాక్ష ఉత్త ఎండుద్రాక్ష, కేకులో వేసుకోవడానికి. కలవీనోలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు ఇది. ఊపిరి తీసుకో అని మనిషికి ఎవరైనా చెబుతారా? అందుకే చెప్పలేదు.

అయిదు రోజులు. పండు పండూ. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. తుల్లియో నిన్ను చేసుకుంటానన్న రోజే అన్నాను, వద్దురా, మన పని తెలిసిన పిల్లను చూసుకో అని. ఆపిల్ బుర్రను తెచ్చి అటక మీద పెట్టాడు. డెబ్భై ఏళ్ళు తప్పనిది నీ చేతిలో తప్పింది.

మిగతా నాలుగు తడికల జోలికి వెళ్ళావంటే ఈ మంచం మీంచి లేచి వస్తాను.

ఎర్మీనియా

కవరు అంటించాక మళ్ళీ చింపాను. సెవెరీనో పందికి అన్నావు. ఏ పందికి? వాడు ఏటా ఒక్క పందినే మేపుతాడు. డిసెంబరులో నువ్వు సంకటిలో వేసుకుని తిన్నది ఎవరిననుకున్నావు?


కలవీనో
1952 ఫిబ్రవరి 3

వదిన గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవను.

తప్పు నాదే. నాలుగు తడికలు పాడుచేశాను. కానీ మీరు రాసినదానికి నేనూ కొన్ని రాయాలి, వారం రోజులుగా ఇవే మాటలు వంటింట్లో నాలో నేను అనుకుంటున్నాను.

నేను ఈ ఇంటికి వచ్చి రెండున్నరేళ్ళు దాటింది. ఆ అటక ఎన్నిసార్లు ఎక్కానో మీకు తెలుసు. ఒక్కసారి. అది కూడా మీరు ఆస్పత్రికి బయలుదేరిన రోజు పొద్దున, బండి గుమ్మం ముందు నిలబడి ఉండగా. అంతకు ముందు ఒకసారి మీ వెనకే మెట్లెక్కబోతే, "సంకటి అడుగంటుతుంది, చూసుకో" అన్నారు. తాళంచెవి మీ నడుముకే ఉండేది. నిద్రలో కూడా. కలవీనోలో పాలు తాగే పిల్లకు తెలుసు అన్నారు. నేను కలవీనోలో పాలు తాగలేదు.

మా అన్న రొమెడియో నవంబరులోనే రాశాడు, ఈస్టరుకు వచ్చి నన్నూ పియానూ తీసుకుపోతానని. అక్కడ ఆపిల్ కొట్టులో పని ఉంది, నాకు తెలిసిన పని. మీకు చెబితే బాధపడతారని దాచాను. ఇప్పటిదాకా అవుననీ కాదనీ చెప్పలేదు. మీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం అవునని రాశాను. ఇంకా తపాలాలో వేయలేదు.

పంది సంగతి నాకు తట్టనే లేదు. తట్టనందుకు సిగ్గేసింది. కానీ సెవెరీనో మామ తలుపు కొట్టి నువ్వు దొంగవి అనడానికి ఈ ఊళ్ళో నేనెవర్ని?

కిటికీలు రోజూ తెరుస్తున్నాను.

జెమ్మా


ఆర్కో
1952 ఫిబ్రవరి 8

జెమ్మా,

రాయకూడనివి రాశాను. తుల్లియో సంగతి మరీ. వాడు నిన్ను చేసుకుంటానన్నప్పుడు నేను వద్దన్న మాట నిజమే. కానీ యుద్ధఖైదీల శిబిరం నుంచి ఎముకల గూడై వచ్చిన వాడు నువ్వొచ్చాక పది నెలలు నవ్వుతూ తిరిగాడు. అదీ నిజమే, అది రాయలేదు. ఆ రోజు పొద్దున డాక్టరు ఒక మాట చెప్పి వెళ్ళాడు, దాని మీది కోపం నీ మీద కక్కాను. ఏం మాట అని అడగకు, చిన్నదే.

తాళంచెవి గురించి నువ్వు రాసింది కూడా నిజం. చెబుతాను విను, మళ్ళీ చెప్పను. తమ్ముడు నీవాడయ్యాడు. వంటిల్లు నీదయింది. పియా పుట్టాక ఇల్లంతా నీదయింది. నాకు అటకొక్కటే మిగిలింది. నీకు నేర్పితే అదీ పోతుందని భయం. అందుకే సంకటి అడుగంటుతుందన్నాను. ఆ రోజు సంకటి ఏమీ అడుగంటలేదు.

పుట్టింటికి వెళ్ళాలనుకుంటే వెళ్ళు. నీకు ముప్పై కూడా లేవు, నిన్ను పట్టి ఉంచే హక్కు నాకు లేదు. కానీ పవిత్ర వారం దాకా ఉండు. నాలుగు తడికలైనా పిండు. ఈ ఏడాది తప్పనియ్యకు.

సెవెరీనో దొంగ కాదు. మంచి సరుకు పేడకుప్పలోకి పోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి, అంతే. నీకు చెప్పకపోవడం మాత్రం వాడి బుద్ధి. నువ్వు ఏమీ అనక్కర్లేదు. మధ్యాహ్నం వాడు ఇంట్లో ఉండే వేళ వెళ్ళి, "మామా, నీ అటక చూపించు" అను. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరైనా అడగొచ్చు, ఎవరూ కాదనరు. నువ్వెవరని అడిగావు కదా. అటకలో ఎనిమిది తడికలున్న ఇంటిదానివి.

ఎర్మీనియా


కలవీనో
1952 ఫిబ్రవరి 17

వదినా,

వెళ్ళాను. పియాను ఎత్తుకుని వెళ్ళాను.

సెవెరీనో మామ బూట్లకు కొవ్వు పూస్తున్నాడు. మీరు చెప్పినట్టే, "మామా, నీ అటక చూపించు" అన్నాను.

"ఇప్పుడా? అటకలో ఏముంది చూడ్డానికి, ఎలుకలు" అన్నాడు.

"మీ పంది కూడా అక్కడే ఉంటుందా?" అన్నాను.

ఆయన బూటు కింద పెట్టాడు. "ఎర్మీనియా రాసిందా?" అన్నాడు.

"రాసింది."

"ఎంత ఘాటుగా రాసింది?"

"నాకు రాసింది చదివితే మీరు జాలిపడతారు. మీకు రాయబోయేది తలుచుకుంటే నాకు జాలేస్తోంది."

లేచి మెట్లెక్కాడు. చివరి తడిక మీద, తన సరుకుకు విడిగా, పాత దుప్పటి పరిచి దాని మీద మన పండ్లు. ఒక్కటి కూడా కలపలేదు. "కలుపుదామనే తెచ్చాను. మూడుసార్లు చెయ్యి పెట్టాను. తుల్లియో గుర్తొచ్చి కలపలేకపోయాను, ఇవ్వడానికీ మనసు రాలేదు. ఈస్టరుకు చెబుదామనుకున్నా."

"ఏ ఈస్టరుకు?" అన్నాను.

నవ్వాడు. "నోట్లో ఆపిల్ ముక్క పెట్టుకున్నట్టు ఉంటావు అనుకున్నా, పళ్ళున్నాయే నీకు."

అప్పుడు ఒక పండు తీసి నా చేతిలో పెట్టి తినమన్నాడు. బూడిద పట్టిన పండు. కళ్ళు మూసుకుని వేసుకున్నాను. తేనెలో నానబెట్టిన అత్తిపండులా ఉంది, చివర్న కాస్త చేదు. పియాకూ ఒకటి పెట్టాను. ఇంకా కావాలని ఏడ్చింది. ఈ రుచి తెలిసి ఉంటే అయిదు రోజులు అలా కూచునేదాన్ని కాదు కదా అని నాకూ ఏడుపొచ్చింది. మీ ఇంట్లో రెండున్నరేళ్ళుండి ఒక్క పండు తినలేదు వదినా.

ఒక షరతు పెట్టాను. మూడు గంపలూ ఆయనే మోసుకురావాలి, ఆదివారం పూజ వదిలే వేళకు, చర్చి ముందు నుంచి. ఇవాళ తెచ్చాడు. ఎవరో, "సెవెరీనో, పంది తినలేదా?" అని అరిచారు. ఊరందరికీ ముందే తెలుసట, నాకు తప్ప. అయినా తల దించుకుని మోశాడు. పవిత్ర వారంలో పిండే మర తిప్పడానికి తానే వస్తానన్నాడు.

మిగతా నాలుగు తడికల మీదా బూజు వచ్చింది. రోజుకు రెండుసార్లు వెళ్ళి చూసుకుంటున్నాను, పసిపిల్ల జ్వరం చూసినట్టు.

అన్నకు రాసిన ఉత్తరం అలాగే ఉంది. పొయ్యిలో వేయలేదు, తపాలాలోనూ వేయలేదు.

జెమ్మా


ఆర్కో
1952 ఫిబ్రవరి 26

మరదలా,

నవ్వి నవ్వి దగ్గొచ్చి, కన్యస్త్రీ వచ్చి ఉత్తరం లాక్కుని, తానూ చదివి, గది బయటకు వెళ్ళి నవ్వింది. సెవెరీనో చర్చి ముందు గంపలు మోయడం చూడకుండా నేను ఇక్కడ పడి ఉండడమేమిటి.

రేపు విభూది బుధవారం. ఈ నలభై రోజుల తపస్సుకాలంలో ఉత్తరాలు రాయనని మొక్కుకున్నాను. ఇక్కడ మాంసం ఎలాగూ పెట్టరు, మానుకోవడానికి నాకు ఇంకేముంది? కాబట్టి ఈస్టరు దాకా నా నుంచి ఏమీ రాదు. కంగారుపడకు. నువ్వూ రాయకు, జవాబు రాయాలని చెయ్యి పీకుతుంది.

పిండే పద్ధతి ఇదే ఆఖరిసారి చెబుతున్నాను. పవిత్ర గురువారం పొద్దున మొదలుపెట్టండి. మర మెల్లగా తిప్పాలి. రసం కారదు, చుక్కలుగా దిగుతుంది. తొందరపడితే గింజ చితికి చేదెక్కుతుంది. పొద్దున ఒక చుట్టు, మధ్యాహ్నం ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు, మర్నాడు మళ్ళీ. శనివారానికి పీపాలో పోసి, మూత మీద పిండిన ఏడూ, ఆ పంట ఎవరిదో వాళ్ళ పేరూ సుద్దతో రాయాలి. పాత పీపాల మీద చూడు, మా తాత పేరు, మా అమ్మ పేరు, ఇరవై నా పేర్లు ఉంటాయి. ఈసారి ఎవరి పేరు రాయాలో నువ్వే చూసుకో.

ఎర్మీనియా


కలవీనో
1952 ఏప్రిల్ 12, పవిత్ర శనివారం

వదినా,

మీ మొక్కు రేపటితో తీరుతుంది కాబట్టి ఇవాళ రాస్తున్నాను.

పిండాం. మూడు రోజులు పట్టింది. గురువారం మధ్యాహ్నం దాకా ఒక్క చుక్క దిగలేదు. నేను మర చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. సెవెరీనో మామ, "ఊరుకో, నీ కోసం అది తొందరపడదు" అన్నాడు. మూడింటికి మొదటి చుక్క పడింది. రంగు పాత బంగారంలా ఉంది. పీపా నిండడానికి నాలుగు వేళ్ళే తక్కువ. నా చేతుల వల్ల పోయింది ఆ నాలుగు వేళ్ళేనట, మామ లెక్క.

రొమెడియో నిన్న వచ్చాడు. మర చూసి కోటు విప్పి తానూ తిప్పాడు. సాయంత్రం, "సామాను సర్దావా?" అన్నాడు. "ఎనిమిదేళ్ళ పని రేపు పీపాలో పోయబోతున్నాను, వదిలి ఎలా వస్తాను?" అన్నాను. "వైన్ కోసం ఉండిపోతావా?" అన్నాడు. "వైన్ కోసం ఒక్కదానికే కాదు" అన్నాను. కోపం రాలేదు వాడికి. పియాకు ఆపిళ్ళు ఒక బస్తా ఇచ్చి పొద్దున ఒక్కడే వెళ్ళాడు.

ఇప్పుడు ఒక సంగతి. మార్చి మొదటి వారంలో మీ ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది. కుడివైపు ఆరు పక్కటెముకలు తీయాలి, దగ్గరి బంధువు సంతకం కావాలి అని. డాక్టరు చెప్పిన చిన్న మాట అదే అని అప్పుడు అర్థమైంది. మొక్కు సంగతి కూడా. ఏటా తపస్సుకాలంలో ముల్లంగి ఒక్కటే మానుకునే మనిషి ఉత్తరాలు మానుకుందంటే నేను నమ్మానా?

బంధుత్వం ఏమిటో రాయాల్సిన చోట మరదలు అని రాస్తే చెల్లదేమోనని భయం వేసింది. చెల్లెలు అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ అడగలేదు. ఆ పైన మీ కన్యస్త్రీ ప్రతి సోమవారం రెండు ముక్కలు రాస్తూ వచ్చింది. మీకు చెప్పొద్దని నేనే అడిగాను. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం ఓరా గాలి వచ్చే వేళకు కిటికీలు తెరిచి, అది ఆగే దాకా అటకలోనే కూచున్నాను. మీ దగ్గర నుంచి వచ్చేది అదొక్కటే కదా. చాలా ఏడ్చాను. చెప్పలేదని కోపం లేదు, నేను మా అన్న సంగతి దాచలేదా?

పీపా మీద 1952 అని రాశాను. పేరు రాయలేదు. ద్రాక్ష ఏరింది మీరు, ఎండబెట్టింది నేను. మీరు చెప్పాలి. సుద్దముక్క పీపా మీదే పెట్టి ఉంచాను.

1960 ఈస్టరుకు తెరవాలి. పియాకు తొమ్మిదేళ్ళు నిండి ఉంటాయి. నేను ఇక్కడే ఉంటాను. మీరూ ఉండాలి. తీపి సరిపోయిందో లేదో చెప్పడం నాకు ఇంకా రాదు.

జెమ్మా


ఆర్కో
1952 ఏప్రిల్ 27

జెమ్మా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి గీకినట్టుంటే సర్దుకో. కుడి చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు. ఇంటికి ఎప్పుడంటే డాక్టరు జూన్ అంటున్నాడు. ఈసారి నిజంగానే అంటున్నాడు, కన్యస్త్రీని అడుగు, ఎలాగూ నా వెనక మీ ఇద్దరూ ఒకటయ్యారు.

నీ ఉత్తరం దిండు కింద ఉంది. దాని గురించి ఎక్కువ రాయలేను, చెయ్యి నొప్పి.

పేరు నీదే రాయి. జెమ్మా అని రాస్తే చాలు.

ఇంకొకటి. ఇంటికి వచ్చాక తాళంచెవి నాకు ఇవ్వకు. మెట్లు ఎలాగూ మెల్లగానే ఎక్కాలి. అటక చూడాలనిపించినప్పుడు నిన్ను అడుగుతాను, వచ్చి తలుపు తీద్దువుగాని.

మీ అక్క
ఎర్మీనియా